గులాబీ కుండీలో బొమ్మిడాయి

పోయిన నెల కళ్ళజోడు మార్పించుకోవడానికి అమీర్‌పేట వెళ్ళాను. కొత్త అద్దాలు బిగించడానికి కాస్త టైము పడుతుంది, ఈలోపు భోంచేసి రండి అన్నాడు కొట్టతను. మెట్రో స్తంభాల పక్కనుంచి సందులోకి తిరిగితే ఒక మెస్సు కనిపించింది. గుమ్మం దగ్గర నల్లబల్ల మీద సుద్దముక్కతో ఏదో రాసి ఉంది. కళ్ళజోడు కొట్లో వదిలేసి వచ్చాను కాబట్టి ముక్కు ఆనేంత దగ్గరికి వెళితే గాని అక్షరాలు తెలియలేదు. 'ఈరోజు స్పెషల్ బొమ్మిడాయిల పులుసు.' చదివి అక్కడే నిలబడిపోయాను. వెనకనుంచి ఎవరో "అంకుల్, జర జరుగుతరా" అంటే లోపలికి నడిచాను. వడ్డించే ఆయన చెంబుతో నీళ్ళు పెట్టి, "పులుసు వెయ్యమంటారా సార్? గోదావరి సరుకు, పొద్దున్నే దిగింది" అన్నాడు. వద్దన్నాను. "చేపలు తినరా?" "తింటాను. ఇవి తినను." "ముళ్ళ భయమా సార్? మేం అన్నీ తీసే వండుతాం." "ముళ్ళ సంగతి కాదండీ, తెలిసినవాళ్ళు" అన్నాను. ఆయన నన్నోసారి కిందనుంచి పైదాకా చూసి, పప్పు వడ్డించి వెళ్ళిపోయాడు.

బొమ్మిడాయి అంటే తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకు అది పులుసులో పరిచయం. మిగతావాళ్ళు చూస్తే పాముపిల్ల అనుకుంటారు. జానెడు పొడవు, వేలంత లావు, మట్టిరంగు ఒంటి మీద పసుపు చుక్కలు. వీపు మీద చిన్నచిన్న ముళ్ళు వరసగా పడుకుని ఉంటాయి, పట్టుకోబోతే లేస్తాయి. మూతి చివర ఏనుగు తొండానికి నకలు తీసినట్టు చిన్న కండ ఒకటి ఉంటుంది. అది ఎప్పుడూ అటూ ఇటూ ఆడుతూ వాసన చూస్తుంటుంది. దానికి కళ్ళ మీదకన్నా ఆ తొండం మీదే నమ్మకం. పగలంతా మెత్తటి ఇసుకలో దూరి, ఆ తొండం కొస ఒక్కటి బయట పెట్టుకుని పడుకుంటుంది. పొద్దుగూకాక లేచి వానపాములకోసం, నీటిపురుగులకోసం తిరుగుతుంది. నీళ్ళలో గాలి చాలకపోతే పైకొచ్చి ఒక గుక్క మింగి వెళుతుంది. ఒళ్ళు తడారనంతవరకూ నీళ్ళు లేకపోయినా కొన్నాళ్ళు బతుకుతుంది. ఇవన్నీ మా ఆవిడ పెళ్ళైన మొదటి ఏడాదిలోనే నాకు చెప్పింది. ఒకసారి కాదు, చాలాసార్లు. చెప్పిన ప్రతిసారీ నేను "ఊ" అన్నాను.

ఈ "ఊ" గురించి కూడా చెప్పాలి. నేను పుస్తకంలో, కంప్యూటర్లో, లేదంటే నా ఆలోచనల్లో తల దూరిస్తే పక్కవాళ్ళ మాట చెవిదాకా వచ్చి ఆగిపోతుంది. నోరు మాత్రం దానంతటది "ఊ" అనేస్తుంది. మా అమ్మ నా చిన్నప్పుడే కనిపెట్టి, "వీడికి ఇల్లు తగలబడుతోందిరా అన్నా ఊ అంటాడు" అనేది. మా ఆవిడకి ఆ సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదు. పెళ్ళిచూపుల్లో నేను ఎక్కువ మాట్లాడకుండా అన్నిటికీ ఊకొట్టడం చూసి, బాగా వినే మనిషి అనుకుందట.

అప్పుడు మేము పంజాగుట్టలో, పెద్దాసుపత్రి వెనక సందులో, ఒక మేడ మీద పోర్షన్లో ఉండేవాళ్ళం. రెండు గదులు, ఒక వంటిల్లు, ఎండకి కాలే డాబా. కింద ఇంటివాళ్ళు. ఇంటివాళ్ళంటే ఒక్క ఖాలాయే, అంటే పిన్ని, సందంతా ఆవిడని అలాగే పిలిచేది. ఆవిడ భర్త పోయి చాలాకాలమైంది. ఖాలాకి లోకంలో మూడు ఇష్టాలు: పొద్దున్నే చాయ్, ఒక బూడిదరంగు పిల్లి, గోడ వెంబడి వరసగా పెట్టిన గులాబీ కుండీలు. నన్ను 'మాస్టర్ సాబ్' అనేది, ఎందుకంటే నేను అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో డేటాబేసులు చెప్పేవాణ్ణి. ఆ రోజుల్లో అమీర్‌పేట ఎలా ఉండేదో చూసినవాళ్ళకే తెలుస్తుంది. గోడలు కనపడేవి కావు, బోర్డులు కనపడేవి. బస్సు దిగిన మనిషి రోడ్డు దాటేలోపు చేతిలో నాలుగు కరపత్రాలు పడేవి. జిరాక్స్ సెంటర్ల ముందు క్యూలు, మిర్చిబజ్జీల బండి చుట్టూ వచ్చే నెల అమెరికా ప్రాజెక్టుల గురించి కబుర్లు. సివిల్ ఇంజనీర్లు, హోమియో డాక్టర్లు, సంస్కృతం చదివినవాళ్ళు, అందరూ అక్కడికే వచ్చేవాళ్ళు. డెమో క్లాసులో నేను బల్ల మీద చెయ్యి వేసి, "మీ డిగ్రీ ఏదైనా ఫర్వాలేదు, దాన్ని గుమ్మం బయట వదిలేసి రండి" అని మొదలుపెట్టేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. నాకది మంచి మాటలాగే ఉండేది.

మా ఆవిడ డిగ్రీ జువాలజీ. అంతటితో ఆగలేదు, గోదావరి బొమ్మిడాయిల మీద పరిశోధన మొదలుపెట్టింది. అవి ఏం తింటాయి, ఎంత పెరుగుతాయి, ఇసుకలోకి ఎలా దూరతాయి, అన్నీ రాసేసింది. ఒక్క అధ్యాయం మిగిలింది. అవి గుడ్లు ఎలా పెడతాయి, ఆ గుడ్లలోంచి పిల్లలు ఎలా వస్తాయి అన్నది. ఏటిలో అది చూడటం కష్టం, వరద నీళ్ళు మట్టిరంగులో ఉంటాయి. ఆమె గైడు గారు, "తొట్టిలో పెట్టించినా సరేనమ్మా, కళ్ళారా చూసి రాస్తే చాలు, సమర్పించేద్దాం" అన్నారట. ఈలోగా నాతో పెళ్ళయింది. యూనివర్సిటీ ఇచ్చిన గడువు ఇంకో వానాకాలం దాకా ఉంది. అందుకని కాపురానికి వచ్చేటప్పుడు అందరూ ఆవకాయ జాడీలు తెచ్చుకుంటే మా ఆవిడ పాల క్యానులో రెండు బొమ్మిడాయిలను, బియ్యం సంచీ నిండా గోదావరి ఇసుకను తెచ్చుకుంది. రైల్లో ఎదురు బెర్తు పెద్దాయన క్యాను వంక చూసి, "నెయ్యా తల్లీ?" అన్నాడు. "కాదండీ, చేపలు" అంది. "ఇసుకెందుకమ్మా?" "వాటి పక్క బట్టలండీ" అంది. పెద్దాయన నా వైపు జాలిగా చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఇసుక అక్కడినుంచే ఎందుకు తేవాలో కూడా చెప్పింది. ఇళ్ళు కట్టే గరుకు ఇసుక అయితే దూరినప్పుడల్లా ఒళ్ళు గీసుకుపోతుంది, ఆ గాట్లకు జబ్బు పట్టి చేప చచ్చిపోతుంది. దాని పొలుసులు కంటికి కనపడనంత చిన్నవి, ఒళ్ళంతా జిగురే దానికి కవచం. నేను ఊ అన్నాను. ముందు గదిలో కిటికీ పక్కన అద్దాల తొట్టి పెట్టాం. వానపాముల కోసం ఎక్కడికో పోనక్కర్లేకుండా ఖాలా కుండీలే దిక్కయ్యాయి. "తవ్వుకో బేటీ, కానీ వేళ్ళకు దెబ్బ తగలొద్దు" అని ఖాలా షరతు పెట్టింది. రోజూ పొద్దున మా ఆవిడ చెంచాతో కుండీలు తవ్వుతుంటే ఖాలా మెట్ల మీద చాయ్ తాగుతూ, "అల్లా ఒక్కొక్కరికి ఒక్కో షౌక్ పెడ్తడు. మా ఆయనకు పావురాలుండె. నీకు పురుగులు" అనేది.

మొదటి రోజు క్యానులోంచి తొట్టిలోకి వదిలినప్పుడు ఆ రెండు చేపల్నీ చూశాను. అంతే. ఆ తర్వాత నెలల తరబడి నాకు కనపడలేదు. నేను పొద్దున్నే వెళ్ళి, చీకటి పడ్డాక వచ్చేవాణ్ణి. వస్తూనే ముందు గదిలో ట్యూబులైటు వేసేవాణ్ణి. లైటు పడగానే అవి ఇసుకలోకి పోయేవి. ఆ తొందర నేను ఎన్నడూ గమనించలేదు. చదునైన ఇసుక, నీళ్ళు, మూత పక్కన రెండు వేళ్ళ సందు, ఇదే నాకు కనిపించింది. ఒకరోజు ఖాలా పిల్లి మా మెట్ల మీద మూతి నాక్కుంటూ కూర్చుని ఉంది. అప్పుడు నా బుర్రకు ఒక సంగతి తట్టింది. చేపలు ఎప్పుడో ఆ సందులోంచి దూకేశాయి. పిల్లి తినేసింది. పాపం ఈమె ఒప్పుకోలేక, ఖాళీ తొట్టిలో రోజూ వానపాముల్ని వేస్తోంది. అడిగితే ఏడుస్తుందేమోనని నేను అడగలేదు. అంతేకాదు, లోలోపల నన్ను నేను దయగల మొగుడిగా లెక్కవేసుకున్నాను. ఒక్క సాయంత్రం లైటు ఆర్పి పది నిమిషాలు కూర్చుంటే తేలిపోయే విషయం అది.

ఆ దయలో భాగంగానే ఆమెను మా ఇన్‌స్టిట్యూట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేర్పించాను. మాస్టారి భార్యకు ఫీజు లేదు. "ఎన్నాళ్ళు ఇంట్లో కూర్చుంటావు, నలుగురిలో పడితే మనసు కుదుటపడుతుంది" అన్నాను. "నా మనసుకేమైందండీ?" అంది. నేను ఫారం నింపి సంతకం పెట్టించాను. మొదటి రోజు డెమో క్లాసులో వెనక బల్ల మీద కూర్చుంది. నేను మామూలుగానే బల్ల మీద చెయ్యి వేసి, డిగ్రీని గుమ్మం బయట వదిలేసి రమ్మన్నాను. అందరూ నవ్వారు. ఆమె నవ్విందో లేదో చూడలేదు. ఇంటికి నడిచి వస్తూ మాత్రం, "బయట వదిలేస్తే వర్షానికి తడిసిపోదుటండీ?" అంది. నేను ఊ అన్నాను.

వానాకాలం మొదలైంది. మా ఆవిడ చెరువు గట్టున ఎవర్నో బతిమాలి గుర్రపుడెక్క మొక్కలు తెచ్చి తొట్టిలో తేలేలా వేసింది. వాటి నల్లటి వేళ్ళు గడ్డంలా కిందికి వేలాడేవి. ఆ వేళ్ళకే బొమ్మిడాయిలు గుడ్లు అంటించి పోతాయట, తర్వాత వాటి వంక చూడవట. కనపడితే తినేసినా తినేస్తాయట. నాకు అవి కుళ్ళిన చెత్తలా కనిపించేవి. ఇల్లంతా చెరువు వాసన.

ఒకరోజు పొద్దున ఐదున్నరకు వంటింట్లో నేను చాయ్ పెట్టుకుంటూ ఆ రోజు క్లాసు గురించి ఆలోచిస్తున్నాను. ఆమె దాదాపు పరిగెత్తుతూ వచ్చింది. జుట్టు ముడి వేసుకోలేదు, మోచేతుల దాకా తడి. ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. గుమ్మం పట్టుకుని, మధ్యలో ఊపిరి తీసుకుని చెప్పింది. నేను స్టవ్వు మంట తగ్గిస్తూ ఊ అన్నాను. నాకిప్పుడు ఎంత తలుచుకున్నా ఆ పొద్దుటి మాటల్లో చివరిదొక్కటే గుర్తొస్తుంది. "ఆ టబ్బు మాత్రం ముట్టుకోకండేం?" దానికీ ఊ అన్నాను. మిగతాది ఆమె తర్వాత మళ్ళీ చెబితే తెలిసింది. ఆ తెల్లవారుజామున వేళ్ళ నిండా గుడ్లు కనిపించాయట. ఆవగింజలంత, లేత పచ్చగా, అద్దంలోంచి చూసినట్టు లోపలంతా కనపడుతూ. తల్లిదండ్రులు తినేయకుండా ఆ మొక్కల్ని తీసి నీలం ప్లాస్టిక్ టబ్బులో వేసి, కిటికీ కింద నీడలో పెట్టింది. పిల్లలు రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ రోజు ఆమెకు మాక్ ఇంటర్వ్యూ ఉంది. నేనే ఒక సహోద్యోగితో మాట్లాడి పెట్టించాను, వెళ్ళకపోతే నా మాట పోతుందని ముందురోజు గట్టిగా చెప్పాను. గుడ్లకు ఆ పూట చెయ్యాల్సింది ఏమీ లేదు, కదపకుండా ఉంచడం తప్ప. నా మాట నిలబెట్టడానికి చీర కట్టుకుని వెళ్ళింది.

నేను ఆ రోజు సెలవు పెట్టాను. ఆమెకు చెప్పలేదు, సర్‌ప్రైజ్ అన్నమాట. ఇంటర్వ్యూ బాగా చేసి వచ్చేసరికి ఆ దిగులు తొట్టి స్థానంలో కళ్ళు చెదిరే తొట్టి ఉండాలనుకున్నాను. అమీర్‌పేట వెళ్ళి నీలం గులకరాళ్ళు, ప్లాస్టిక్ మొక్కలు, బుడగలు వదిలే గజ ఈతగాడి బొమ్మ, రెండు గోల్డ్ ఫిష్‌లు కొన్నాను. నీళ్ళు తోడటానికి ఏదైనా కావాలి కదా. కిటికీ కింద నీలం టబ్బు ఉంది, అందులో కుళ్ళు మొక్కలు. ఆ మొక్కల్ని తీసుకెళ్ళి సందు చివర మున్సిపాలిటీ చెత్తకుండీలో వేసి వచ్చాను. టబ్బు కడిగాను. తొట్టిలో నీళ్ళు తోడి, ఇసుకను మగ్గుతో ఎత్తి సిమెంటు సంచీలో పోసి, కిందికి దించి గోడ పక్కన పెట్టాను. ఒకటి రెండుసార్లు మగ్గులో ఏదో మెదిలినట్టు అనిపించింది. వేరు ముక్క అనుకున్నాను. ఖాలా వచ్చి ఇసుక చేత్తో నలిపి, "మంచిగున్నది మాస్టర్ సాబ్, మైదా లెక్క. నా కుండీలకు తీస్కుంట" అంది. తీసుకోండి ఖాలా అన్నాను, దానగుణంతో. ఆవిడ అప్పుడే రెండు మగ్గులు తన కుండీల్లో పోసుకుంది.

మూడింటికి ఆమె వచ్చింది. చెప్పులు విప్పుతూ ముందు గదిలోకి చూసింది. బుడగలు లేస్తున్నాయి. గోల్డ్ ఫిష్‌లు తిరుగుతున్నాయి. నేను నవ్వుతూ నిలబడ్డాను. ఆమె అరుస్తుందని గాని, ఏడుస్తుందని గాని చదివేవాళ్ళు అనుకోవచ్చు. చాలా మామూలుగా, పోపుడబ్బా ఎక్కడ పెట్టారని అడిగినట్టు, "వేళ్ళు ఎక్కడ పారేశారు?" అంది. చెప్పాను. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మెట్లు దిగి సందు చివరికి పరిగెత్తింది. వెనక నేను. కుండీ ఖాళీగా ఉంది. చెత్త ట్రాక్టరు మధ్యాహ్నమే వచ్చి వెళ్ళిపోయింది. కుండీ అడుగున ఒక గుర్రపుడెక్క ఆకు అంటుకుని ఉంటే దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది. "ఇసుక?" అంది.

గోడ పక్కన సంచీ దగ్గర కూర్చుని, ఇంటర్వ్యూ చీరతోనే, మోచేతుల దాకా చేతులు దూర్చి వెతికింది. అప్పుడు నేను నోరు జారాను. "అందులో ఏముంటాయి, అవి ఎప్పుడో పోయాయి కదా... పిల్లి..." అన్నాను. తల తిప్పి నన్ను చూసింది. అంతవరకూ ఆమెకు తెలియదు, నేను ఆ తొట్టి ఖాళీ అనుకుంటున్నానని. కోపం వచ్చే చోట ఆమెకు ఆశ్చర్యం వచ్చింది. "ఇన్నాళ్ళూ... ఖాళీ తొట్టికి మేత వేస్తున్నానని అనుకున్నారా?" అంది. "మరి నాతో ఏమీ అనలేదేంటి?" "బాధపడతావని." మళ్ళీ ఇసుకలోకి వంగింది. కాసేపటికి ఆమె గుప్పిట్లో ఒక బొమ్మిడాయి మెలికలు తిరుగుతూ బయటికి వచ్చింది. రెండోది దొరకలేదు. ఖాలా తీసుకెళ్ళిన ఇసుక సంగతి నాకు గుర్తే రాలేదు.

రెండు మూడు రోజులు ముసురు పట్టింది. గోల్డ్ ఫిష్‌లను తిరిగి ఇచ్చేశాను, నీలం రాళ్ళు తీసేశాను, సంచీలో మిగిలిన ఇసుక మళ్ళీ తొట్టిలోకి చేరింది. ఇంట్లో మాటలు ఉప్పూపప్పూ దాటలేదు. ఒక ఉదయం కిందనుంచి కేక. "మాస్టర్ సాబ్! జల్దీ రా! నా గులాబ్ కుండీల పామున్నది!" నేను కర్ర తీసుకుని దిగాను, ఆ రెండు రోజుల్లో పనికొచ్చే పని ఒకటైనా చేద్దామని. నా వెనకే ఆమె, చేతిలో మగ్గు. "కొట్టకండి! కర్ర పడెయ్యండి ముందు!" అని నన్ను తోసుకుని వెళ్ళి కుండీలో చెయ్యి పెట్టింది. ఖాలా గుండె పట్టుకుంది. "బేటీ! చెయ్యి తియ్యి! దివానీ అయినవా ఏంది!" మా ఆవిడ మట్టిలోంచి రెండో బొమ్మిడాయిని తీసి మగ్గులో వేసింది. వానకి చిత్తడైన కుండీలో, చుట్టూ వానపాములతో, అది మునుపటికన్నా బలిసి ఉంది. "పాము కాదు ఖాలా, మా చేప." ఖాలా కళ్ళద్దాలు పైకెత్తి మగ్గులోకి తొంగిచూసింది. "గిది చేపనా? చేప అయితే నీళ్ళల ఉండాలె గాని, నా కుండీల కాపురం పెట్టుడేంది? కిరాయి ఎవరిస్తరు?" అంది. మా ఆవిడ నవ్వింది. ఆ రోజు పొద్దున గుడ్లు చూసి పరిగెత్తుకొచ్చిన తర్వాత మళ్ళీ అప్పుడే నవ్వింది. నేను కర్ర పట్టుకుని వానలో తడుస్తూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం ఇన్‌స్టిట్యూట్‌ నుంచి తొందరగా వచ్చి, లైటు వెయ్యకుండా తొట్టి ముందు కింద కూర్చున్నాను. ఆమె వంటింట్లోంచి చూసి, వచ్చి పక్కన కూర్చుంది. నాకు తెలియని సంగతి ఏమిటంటే, చీకటి ఒక్కసారిగా పడదు. ముందు గది మూలల్లో పడుతుంది, తర్వాత గోడల మీద, ఆ తర్వాత నీళ్ళలో. నీళ్ళు నల్లబడ్డాక ఇసుక మీద రెండు చోట్ల చిన్న గుంటలు పడ్డాయి. వాటిలోంచి సన్నటి తొండాలు వచ్చి, గాలిలో రాస్తున్నట్టు కదిలాయి. తర్వాత మెడ, పసుపు చుక్కలు, వీపు. ఒకటి కొద్దిగా వెనక్కి కూడా ఈదింది, ఏదో మర్చిపోయినట్టు. "వెనక్కి ఈదుతుందే!" అన్నాను. "చెప్పానుగా" అంది. అప్పుడు మొదలుపెట్టి మళ్ళీ అన్నీ చెప్పించుకున్నాను. ముళ్ళ గురించి, గాలి మింగడం గురించి, గుడ్ల గురించి. ఆ రోజు పొద్దున వంటింటి గుమ్మంలో ఏం చెప్పిందో కూడా. ఆమె చెప్పింది గాని, అంత ఆత్రంగా చెప్పలేదు. ఒకసారి చెప్పిన సంతోషాన్ని మళ్ళీ చెప్పమంటే సగమే వస్తుంది.

ఆ ఏడు అవి మళ్ళీ గుడ్లు పెట్టలేదు. వానాకాలం వెళ్ళిపోయింది, దానితో యూనివర్సిటీ గడువూ వెళ్ళిపోయింది. ఒకరోజు పంజాగుట్ట చౌరస్తా దగ్గర ఎస్టీడీ బూత్ నుంచి గైడు గారికి ఫోన్ చేసింది. నేను బయట నిలబడ్డాను. అద్దాల్లోంచి మాటలు వినపడవు, ఎర్ర అంకెలు తిరగడం కనపడుతుంది. మధ్యలో ఒకసారి ఆమె నవ్వింది. ఆయన ఏదో అని ఉంటారు. బయటికి వచ్చి, "చిల్లర లేదని చాక్లెట్ ఇచ్చాడండి" అని నా చేతిలో పెట్టింది. ఆ చాక్లెట్ చొక్కా జేబులో పెట్టుకుని మర్చిపోయాను, ఉతికేటప్పుడు కరిగి మరక పడింది. ఆ చొక్కా చాలాకాలం తొడుక్కున్నాను.

ఆమెకు టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది. వద్దంటుందేమో అనుకున్నాను, వద్దంటే బాగుండునని కూడా అనుకున్నాను, నా తప్పు కాస్త తేలికవుతుందని. "చేస్తానండీ. కానీ సాయంత్రం ముందు గదిలో లైటు వెయ్యకూడదు, అదొక్కటే" అంది. పనిలో మంచి పేరు తెచ్చుకుంది. ఎవరికీ దొరకని తప్పులు ఆమెకు దొరికేవి. "బయటికొచ్చేదాకా కదలకుండా కూర్చోవడం నాకు కొత్తేంటి?" అనేది.

మరుసటి వానాకాలం మొదట్లోనే గుర్రపుడెక్క వేళ్ళ నిండా మళ్ళీ గుడ్లు. ఈసారి టబ్బును నేనే కాపలా కాశాను. పిల్లలొచ్చే రోజు ఇద్దరం సెలవు పెట్టాం. తెల్లవారుతుండగా ఖాలాని కూడా పిలిచాం. మోకాళ్ళ నొప్పులతో మేడెక్కి, టార్చిలైటుకు తన ఎర్ర రుమాలు చుట్టి ఇచ్చింది, వాటి కళ్ళకు దెబ్బ తగలకూడదని. గుడ్డులో నల్లటి చుక్కలు రెండు కదిలాయి. తర్వాత గుడ్డు చిట్లి, దారప్పోగు లాంటిది ఒకటి బయటపడి, మళ్ళీ వేరుకే అతుక్కుని వేలాడింది. ఒకటి, ఇంకొకటి, తర్వాత లెక్క తప్పింది. "మాషా అల్లా" అంది ఖాలా గుసగుసగా. "గింత చిన్నగ ఉన్నా తొండమున్నదా బేటీ?" "ఇంకా లేదు ఖాలా, వస్తుంది." రాసుకోవడానికి ఏ అధ్యాయమూ లేదు. అయినా మా ఆవిడ చూస్తూ చూస్తూ ప్రతిదీ పైకి చెప్పింది, నాకు. నేను ఒక్కసారి కూడా ఊ అనలేదు. "ఆ తర్వాత?" అన్నాను. చెప్పినంతసేపూ అదే అన్నాను.

బతికిన పిల్లల్ని కాస్త పెద్దవయ్యాక అదే పాల క్యానులో తీసుకెళ్ళి గోదావరిలో వదిలాం. పెద్దవి రెండూ కొన్నేళ్ళు మాతోనే ఉండి, ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఖాలా కుండీలోనే పాతిపెట్టాం. ఆ ఏడు పూసినంత బాగా గులాబీలు ఎప్పుడూ పూయలేదని ఖాలా ఆ సందులో అందరికీ చెప్పింది. ఖాలా కూడా ఇప్పుడు లేదు. ఆ ఇల్లున్న చోట అపార్ట్‌మెంట్ లేచింది.

చాలా ఏళ్ళకు ఒకసారి, క్షమించావా అని అడిగాను. అడగడంలో కూడా నా గోలే ఉంది, ఆమెది కాదు. ఆమె కూరగాయలు తరుగుతూ, "గుడ్లు మీరు పారేశారు. చదువు నేను వదిలేశాను. మళ్ళీ రిజిస్టర్ చేసుకోమని సారు ఫోన్లో చెప్పనే చెప్పారు, నాకే ఓపిక లేకపోయింది. రెండూ మీరే మోయకండి, అందులో సగం నాది" అంది. ఎస్టీడీ బూత్‌లో ఆమె ఎందుకు నవ్విందో నాకు అప్పటిదాకా తెలియదు. అడిగి ఉంటే అప్పుడే చెప్పేది.

కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఇంటికి వచ్చి, మెస్సు బోర్డు సంగతి చెప్పాను. "తెలిసినవాళ్ళని చెప్పారా!" అని నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. అప్పటికి సాయంత్రమైంది. మా ఇంట్లో ఇప్పుడు తొట్టి లేదు, ఇసుక లేదు. ముందు గదిలో లైటు మాత్రం ఇప్పటికీ పొద్దుగూకగానే వెయ్యం. ఇద్దరం సోఫాలో కూర్చుంటాం, ఆమె ఏదో ఒకటి చెబుతుంది. మొదట మూలలు పోతాయి, తర్వాత గోడలు, తర్వాత ఆమె ముఖం. ఒక పొద్దు పూర్తిగా గూకడానికి ఎంతసేపు పడుతుందో తెలుసుకోవడానికి నాకు సగం జీవితం పట్టింది. మిగతా సగంలో ఏ సాయంత్రానికీ తొందరపడదలుచుకోలేదు.